గేజీ రాయి

నేను కాలవ మీద లస్కరుని.
పొద్దున్నా సాయంత్రం గేజీ రాయి దగ్గరికెళ్ళి
నీళ్ళు ఎన్నడుగులున్నాయో చూసి
పుస్తకంలో రాయడం నా పని.
ఇరవై ఆరేళ్ళు. పుస్తకాలు పద్నాలుగు.

విజ్జేశ్వరంలో తలుపులెత్తితే
మా శివారు తడిసేది తొమ్మిదో రోజున.
దార్లో అందరూ తాగుతారు.
ఎగువోడి మడి కడుపు నిండి,
గట్టు తెగి, బోదెలోకి త్రేన్చాక
మిగిలిన నీళ్ళు మావి.
ఎవర్నీ తిట్టుకోను.
నీరు పల్లమెరుగును. దాని చదువు అంతవరకే.

ఈ ఏడు వచ్చింది మాత్రం ఎగువ నుంచి కాదు.
సముద్రం అవతల ఎవరో కాగితం మీద సుంకం రాశారట.
సాయంత్రానికి భీమవరంలో రొయ్య కౌంటు ధర కూలింది.
తెల్లారగట్ల నాలుగింటికి
మా తూము దగ్గరికి షెడ్డు బస్సు రాలేదు.

తొమ్మిది రోజులు పట్టలేదు దానికి.
దార్లో ఎవరి మడినీ తడపలేదు.

తలకి వలటోపీలు, చేతిలో కేరేజీలు,
ముప్పైమంది ఆడాళ్ళు చీకట్లో నిలబడ్డారు.
దూరంగా ఏ లైటు కనపడినా లేచి నించున్నారు.
పాలవేను. ఇటుకల ట్రాక్టరు. మళ్ళీ పాలవేను.
ఏడయ్యాక, ఎండ మొహాన పడ్డాక,
దుళ్ళ కరుణమ్మ తూము మీద కూర్చుని
మధ్యాన్నం అన్నం మూత తీసింది.
ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు.
ఎవరూ మాట్లాడలేదు.
పచ్చిమామిడి పప్పు వాసన కాలవంతా కమ్ముకుంది.
ఆ పూట గేజీ మూడడుగుల రెండంగుళాలు.
రాసుకున్నాను.

రాజమండ్రిలో బట్టలకొట్టు గుమస్తా మా తోడల్లుడు.
ఫోను చేస్తే, "అవునా,
పేపర్లో ఎక్కడో చూశానబ్బా" అన్నాడు.
ఆ పేపరు మా ఊరికి
మర్నాటి బస్సుకి వచ్చింది.

చెరువుల ఆసామి ఏరేటర్లు ఆపించి,
నీళ్ళు తోడించేసి,
ఈ పంటకి ఎండగడదాం అన్నాడు.
ఆయనకీ నష్టమే, కాదనను.
కొత్త కారు ముచ్చట పైయేటికి వేసుకున్నాడు.
చెరువుకి ఎండ మంచిదంట.
అడుగు మట్టి బాగుపడుద్దంట.

మా అమ్మ కాలంలో ఇది దారం.
నరసాపురం నుంచి ఏజెంటు ఉండలు తెచ్చిచ్చేవాడు,
పువ్వుకింతని లెక్క.
ఓ ఏడు అవతల ఏదో బేంకు మునిగిందన్నారు.
ఆ పేరు ఆవిడకి నోరు తిరిగేది కాదు.
ఉండలు రావడం ఆగిపోయాయి.
సగం అల్లిన బల్లగుడ్డ ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది,
ఎనిమిది రేకుల పువ్వుకి అయిదు రేకులు.
మిగతా మూడూ అడగడానికి ఎవరూ రాలేదు.

మా సువార్త పదకొండేళ్ళు రొయ్య తలలు తీసింది.
ఐసునీళ్ళలో నాని వేళ్ళు పాసిపోయేవి,
గోళ్ళ చుట్టూ ఎర్రగా పుళ్ళు.
రాత్రి పసుపూ కొబ్బరినూనే రాసుకుని
చేతులు రెండూ పైకెత్తి పడుకునేది,
ఎవరో తుపాకీ చూపించినట్టు.

మూడు వారాలయ్యింది.
నిన్న దీపం దగ్గర చూశాను,
పుళ్ళు మానాయి.
చూపుడువేలికి గోరొచ్చింది, సన్నగా,
పాలపన్నులా.
"బాగున్నాయే" అన్నాను, ఆగలేక.
ఆవిడ చేతులు కొంగులోకి లాక్కుంది.

ఎందుకో ఇవాళ తెలిసింది.
మానేపల్లి సూరన్న కొట్లో
ఖాతా పుస్తకం తిప్పకముందే
సూరన్న ఆడాళ్ళ వేళ్ళు చూస్తున్నాడు.
పుండున్న చేతికి అప్పు పుడుతోంది.
మానిన చేతికి,
"పై వారం చూద్దాం అమ్మా."

తిరిగొస్తూ గేజీ రాయి దగ్గర ఆగాను.
మూడడుగుల రెండంగుళాలు.
కాలవ నిండుగానే ఉంది.
పుస్తకం తెరిచి, అంకె వేసి,
పక్కన ఖాళీ గడిలో,
అక్కడ ఏమీ రాయకూడదని రూలు,

సువార్తకి గోళ్ళొచ్చాయి
అని రాశాను.